గెలాక్సీలు చూడాలంటే: ఆకాశం, పరికరం, తొలి గురి – ఎవరికి ఏది సరిపోతుంది

టెలిస్కోప్ కొన్న మొదటి నెలలో వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే. "ఎనిమిది అంగుళాలది తెచ్చి డాబా మీద పెట్టాం. ఆండ్రోమెడా గెలాక్సీ అంటే చిన్న బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ లేదు." పరికరంలో లోపమేమీ ఉండదు. ముందు పరికరం కొని, తర్వాత ఆకాశం చూసుకుని, చివరికి ఏం చూడాలో వెతుక్కోవడం వల్ల వచ్చిన తంటా అది. గెలాక్సీల విషయంలో ఈ వరస తిరగబడాలి. ముందు మీకు అందుబాటులో ఉన్న చీకటి ఎంతో తేల్చుకోండి. ఆ చీకటిలో ఏ గెలాక్సీలు దొరుకుతాయో చూసుకోండి. పరికరం మాట ఆ తర్వాత. చంద్రుడికీ శని వలయాలకీ ఈ నియమం వర్తించదు, వాటిని అమీర్‌పేట నడిబొడ్డు నుంచైనా చూడొచ్చు.

## ఏ కొలతలతో తూచాలి

పరుచుకున్న వెలుగు. పుస్తకాల్లో, యాప్‌లలో ప్రతి గెలాక్సీ పక్కనా మాగ్నిట్యూడ్ అనే అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది ఈ అంకే. ఎం33 గెలాక్సీ (ఎం అంటే మెసియర్ జాబితాలోని సంఖ్య) మాగ్నిట్యూడ్ 5.7. సాంబ్రెరో గెలాక్సీ, అంటే ఎం104, మాగ్నిట్యూడ్ 8.0. లెక్క ప్రకారం ఎం33 నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ వెలుగు వస్తోంది. అయితే ఆ వెలుగు ఆకాశంలో దాదాపు తొంభై రెట్లు ఎక్కువ జాగాలో పరుచుకుని ఉంది. అంటే ఒకే వైశాల్యం తీసుకుని పోలిస్తే ఎం33 పదకొండో వంతు వెలుగే ఇస్తుంది. అందుకే ఊరి శివార్లలో చిన్న టెలిస్కోప్‌కు సాంబ్రెరో చిక్కుతుంది, ఎం33 చిక్కదు. ఎం101ది మరీ పలచన, మాగ్నిట్యూడ్ 7.9 అని రాసి ఉన్నా దాని జోలికి మొదటి ఏడాది వెళ్లకండి.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. టెలిస్కోప్ గెలాక్సీని పెద్దదిగా చూపిస్తుంది. దాని ఉపరితలాన్ని మాత్రం వట్టి కంటికి ఉన్నదానికన్నా కాంతివంతం చేయలేదు. పైగా నగరపు ఆకాశం మీది నారింజ వెలుగును కూడా అదే పాళ్లలో కంటికి చేరుస్తుంది. అద్దం ఎంత పెద్దదైనా చీకటికి బదులు కాలేకపోవడానికి కారణం ఇదే.

చీకటి. జాన్ బోర్టిల్ 2001లో ప్రతిపాదించిన 1 నుంచి 9 వరకు ఉండే కొలబద్దను అందరూ వాడుతున్నారు. 1 అంటే కారుచీకటి, 9 అంటే మహానగరం నడిమధ్య. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నగరాల మధ్యభాగాలు 8, 9లలోకి వస్తాయి. కాంతి కాలుష్య పటాలు ఉచితంగా దొరుకుతాయి గానీ, కంటితో చేసుకునే పరీక్ష మరింత నమ్మకం. చలికాలంలో కృత్తికలు లెక్కపెట్టండి. ఆరు స్పష్టంగా కనిపిస్తే ఆండ్రోమెడా వట్టి కంటికి దొరికే అవకాశం ఉంది. ఏడు, ఎనిమిది కనిపిస్తే బైనాక్యులర్‌కు బోలెడు పని ఉంటుంది. ఎండాకాలంలో సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన అరుంధతిని చూడండి. పెళ్లిలో చూపించే చుక్కే, మాగ్నిట్యూడ్ 4.0. చూపు బాగున్నవాళ్లకు కూడా అది కనిపించడం లేదంటే, ఆ చోట గెలాక్సీల కోసం పెద్ద ఖర్చు పెట్టకండి.

చోటు ఎంచుకునేటప్పుడు దూరంతోపాటు దిక్కు కూడా చూసుకోవాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల నుంచి హైదరాబాద్ వెలుగు తూర్పున లేస్తుంది. కాబట్టి అక్కడ అప్పుడే ఉదయిస్తున్నవాటిని వదిలేసి, నడినెత్తిన, పడమరన ఉన్నవాటిని పట్టుకోవాలి. గండికోట, హార్స్‌లీ హిల్స్, నల్లమల అంచు గ్రామాలు బాగుంటాయి. నల్లమలలో అడవి గుండా పోయే దారిని రాత్రిపూట అటవీ శాఖ మూసేస్తుంది, అందుకే చెక్‌పోస్టు ఇవతలే మకాం చూసుకోవాలి. అరకు, లంబసింగిల్లో చీకటి ఉంటుంది, చలికాలంలో మంచు కూడా ఉంటుంది. అక్కడ తెల్లవారుజాము మీద ఆశ పెట్టుకోకుండా సాయంత్రమే పని ముగించుకోవాలి.

అక్షాంశం. ఒక గెలాక్సీ మీ ఊరి నుంచి గరిష్ఠంగా ఎంత ఎత్తుకు వస్తుందో తేల్చడం తేలిక. మీ అక్షాంశానికీ దాని క్రాంతికీ (ఆకాశ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణం) ఉన్న తేడాను 90 నుంచి తీసేయండి. హైదరాబాద్ 17.4° ఉత్తరం, ఆండ్రోమెడా క్రాంతి 41.3° ఉత్తరం. తేడా 23.9, ఎత్తు 66°. క్రాంతి దక్షిణమైతే తేడాకు బదులు రెండూ కూడాలి. 25° కన్నా తక్కువ ఎత్తులో దుమ్ము, తేమ గెలాక్సీని మింగేస్తాయి. మనకు పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెజిలానిక్ మేఘం హైదరాబాద్‌లో 3° దాటదు, తిరుపతిలో కూడా 7° లోపే. దాని మీద ఆశ వదులుకోవాలి. బదులుగా మనకు సెంటారస్ ఎ అనే గెలాక్సీ ఉంది, హైదరాబాద్‌లో 30° దాకా, తిరుపతిలో 33° దాకా వస్తుంది. లండన్‌లో ఉన్నవాళ్లకు అది ఉదయించనే ఉదయించదు.

చంద్రుడు, రుతువు. ఇందుకు గోడమీది పంచాంగమే చాలు. బహుళ సప్తమి, అష్టమి నుంచి అమావాస్య దాటి శుద్ధ చవితి దాకా సాయంత్రాలు పనికొస్తాయి. ఉగాది ముందు రోజు అమావాస్య, గెలాక్సీల కాలానికి సరిగ్గా మధ్యలో పడుతుంది. ఆ రాత్రి సింహం, కన్య రాశుల్లోని గెలాక్సీల గుంపులు అర్ధరాత్రి వేళకు నడినెత్తికి వస్తాయి. దీపావళి అమావాస్య కూడా లెక్కప్రకారం ఆండ్రోమెడాకు మంచిదే, కానీ బాణసంచా పొగ వల్ల ఆ వారం దండగ. కార్తీక అమావాస్యకు వాయిదా వేసుకోండి. కోస్తాలో అప్పటికి తుపాను మబ్బులు కూడా కొంత తెరిపిస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పరికరాలను పెట్టెలో ఉంచడమే మేలు.

## పరికరాలు పక్కపక్కన

చీకటికి పూర్తిగా తెరుచుకున్న యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్లు అనుకుని వేసిన లెక్క ఇది. 10×50 అంటే పది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు లెన్సు 50 మిల్లీమీటర్లు. డాబ్సోనియన్ అంటే దిమ్మ మీద చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోప్:

| పరికరం | కంటితో పోలిస్తే పట్టే కాంతి | ఒకేసారి కనిపించే ఆకాశం | నగరంలో డాబా మీద | చీకటి చోట | మోత |
|---|---|---|---|---|---|
| వట్టి కన్ను | 1 | ఆకాశమంతా | ఏమీ లేదు | ఎం31 (ఆండ్రోమెడా) | లేదు |
| 10×50 బైనాక్యులర్ | 50 రెట్లు | సుమారు 6.5° | ఎం31 నడిభాగం | పది పన్నెండు గెలాక్సీలు | మెడలో వేసుకోవచ్చు |
| 15×70 బైనాక్యులర్ | 100 రెట్లు | సుమారు 4.4° | ఎం31. రాత్రి బాగుంటే ఎం81 | ఇరవై పైన | స్టాండ్ తప్పనిసరి |
| 130 మి.మీ. బల్లమీది డాబ్సోనియన్ | 345 రెట్లు | 2° దాకా | కొన్నిటి నడిభాగాలు | మెసియర్ జాబితాలోనివి చాలావరకు | ఒక చేత్తో మోయొచ్చు |
| 8 అంగుళాల డాబ్సోనియన్ | 840 రెట్లు | 1° నుంచి 1.7° | ప్రకాశవంతమైన కేంద్రాలు మాత్రమే | వందల కొద్దీ, కొన్నిటిలో ఆకారం | 20 కిలోల పైన, రెండు ముక్కలు |
| 50 మి.మీ. స్మార్ట్ టెలిస్కోప్ | కంటితో చూసేది కాదు | సుమారు 1.3° × 0.7° | ఫోన్‌లో చుట్టల ఆకారం కూడా | ఇంకా మెరుగు | వీపు సంచిలో పడుతుంది |

### 10×50 ఎందుకు, ఇంకొకటి ఎందుకు కాదు

మొదటి పరికరంగా 10×50 బైనాక్యులర్‌కు పోటీ లేదు. 7×50లో కిరణాలు బయటికి వచ్చే వలయం 7 మిల్లీమీటర్లు ఉంటుంది. నలభై దాటినవాళ్లలో కంటిపాప అంత పెద్దదిగా తెరుచుకోదు కాబట్టి పోగుచేసిన కాంతిలో కొంత కంటి బయటే పోతుంది. 10×50లో ఆ వలయం 5 మిల్లీమీటర్లే. నేపథ్యం కాస్త నల్లబడి, మచ్చ తేలికగా పైకి తేలుతుంది. 15×70 ఇంకా ఎక్కువ చూపిస్తుంది గానీ, కిలోన్నర దాకా బరువుండే దాన్ని చేత్తో పట్టుకుంటే చుక్కలు గీతలవుతాయి. స్టాండ్ ఖర్చు కలుపుకుని లెక్కవేసుకోండి. 10-30×60 అని రాసుండే జూమ్ రకం మాత్రం ఎవరిచ్చినా వద్దు, అందులో కనిపించే ఆకాశం సన్న గొట్టంలోంచి చూసినంతే ఉంటుంది.

దుకాణంలో రెండు పరీక్షలు చేయండి. ముందు బైనాక్యులర్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఐపీస్‌లో (కన్ను పెట్టే లెన్సులో) కనిపించే వెలుగు వలయాలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూడండి. అంచులు కోసేసినట్టు చదునుగా ఉంటే లోపలి పట్టకాలు నాసిరకం. తర్వాత దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను చూస్తూ నిమిషం గడపండి. కళ్లు లాగినట్టనిపించినా, బొమ్మ రెండుగా విడిపోతున్నా ఆ పీసు పక్కన పెట్టేయండి.

గెలాక్సీలు మన దగ్గర చాలావరకు నెత్తిమీదికే వస్తాయి. నిలబడి చూస్తే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. మడత మంచం మీద వెల్లకిలా పడుకుని, మోచేతులు ఛాతీకి ఆనించి చూడండి. చేతి వణుకు తగ్గగానే ఒక మాగ్నిట్యూడ్‌కు దగ్గరగా అదనపు లోతు కనిపిస్తుంది.

### డాబ్సోనియన్: మోయగలిగితేనే

కంటితో గెలాక్సీ ఆకారం చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు 8 అంగుళాల డాబ్సోనియన్ సరైన మెట్టు. మామూలుగా దొరికేది 203 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం). 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు పెద్దదవుతుంది, వెతకడానికి అది. 10 లేదా 12 మి.మీ. ఐపీస్‌తో 100 నుంచి 120 రెట్లు, దొరికాక పరీక్షగా చూడటానికి అది. చిన్న గెలాక్సీలకు ఈ రెండో స్థాయి చాలా ముఖ్యం. నేపథ్యం నల్లబడి, సాంబ్రెరో నడుమున నల్లటి గీత బయటపడేది అక్కడే. ఇంతకు మించి పెంచే ఐపీస్‌లు గ్రహాలకు దాచుకోండి. పెట్టెమీద 500 రెట్లు అని అచ్చువేసి అమ్మే చిన్న టెలిస్కోపులు గెలాక్సీలకు పనికిరావు.

10 అంగుళాలది పట్టే కాంతి 8 అంగుళాలదానికన్నా ఒకటిన్నర రెట్లు. చీకటి చోట ఎం51 చుట్టలు అనుమానం దశ నుంచి నమ్మకం దశకు వస్తాయి. కానీ బరువు 30 కిలోలకు చేరువవుతుంది, చిన్న కారులో గొట్టం వెనక సీటంతా ఆక్రమిస్తుంది. లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉండేవాళ్లు, నెలకోసారైనా ఊరు దాటలేనివాళ్లు 10 జోలికి వెళ్లొద్దు. ఆ స్థితిలో 130 మి.మీ. చిన్నదే ఎక్కువ గెలాక్సీలు చూపిస్తుంది, ఎందుకంటే అది బయటికి వస్తుంది.

దారిలో కుదుపులకు అద్దాల వరస తప్పుతుంది. చేరగానే కాలిమేషన్ సరిచూసుకోండి. ఫోకసర్‌లో (ఐపీస్ అమర్చే గొట్టంలో) కన్నం మూత పెట్టి, కింది అద్దం మధ్యనున్న గుర్తు వలయం మూత కన్నపు ప్రతిబింబంతో కలిసేదాకా వెనక మరలు తిప్పాలి. అలవాటైతే మూడు నిమిషాల పని. ఏసీ కారులోంచి తీసిన అద్దాన్ని వెంటనే కోస్తా గాలికి తెరిస్తే ఆవిరి పట్టేస్తుంది. మూతలు తీయకుండా అరగంట బయట ఉంచండి, అద్దం చల్లబడటానికో వేడెక్కడానికో ఆ సమయం ఎలాగూ కావాలి. పట్టిన ఆవిరిని గుడ్డతో తుడవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఇంట్లో లెన్సులనూ ఐపీస్‌లనూ గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఒక్క వర్షాకాలం చాలు, బూజు దారాలు అల్లేస్తుంది.

గెలాక్సీలకని ఫిల్టర్లు కొనకండి. నీహారికలకు పనికొచ్చే ఫిల్టర్లు కొన్ని రంగుల కాంతినే వదులుతాయి. గెలాక్సీ కాంతి నక్షత్రాల కాంతి, అన్ని రంగులూ కలిసినది. ఫిల్టర్ పెడితే గెలాక్సీ కూడా ఆకాశంతో పాటే మసకబారుతుంది. ఆ డబ్బు పెట్రోలుకు వాడితే చీకటి దొరుకుతుంది.

### స్మార్ట్ టెలిస్కోప్: అపార్ట్‌మెంట్ వాసుల దారి

2023లో వచ్చిన సీస్టార్ ఎస్50, ఆ తరహా పరికరాలు ఆట మార్చేశాయి. 50 మి.మీ. లెన్స్, 250 మి.మీ. నాభ్యంతరం, లోపల కెమెరా. తనంతట తానే ఆకాశం గుర్తుపట్టి, గెలాక్సీ వైపు తిరిగి, పదేసి సెకన్ల ఫొటోలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ పోతుంది. అరగంటలో ఎం51 చుట్టలు నగరం నుంచి కూడా ఫోన్ తెరమీద తేలతాయి. ధర దాదాపు 8 అంగుళాల డాబ్సోనియన్ శ్రేణిలోనే ఉండటంతో చాలామంది చిక్కుకునేది ఈ రెండింటి మధ్యే.

దాని హద్దులు కూడా తెలుసుకోండి. ఎం31 పొడవు 3°, ఈ పరికరం ఫ్రేములో పట్టదు. మొజాయిక్ పద్ధతిలో, అంటే ముక్కలుగా తీసి అతికించి, తీయాలి, సమయం రెట్టింపు కన్నా ఎక్కువ పడుతుంది. రెండో కొసన ఎం51 పొడవు 11 కోణీయ నిమిషాలే (60 నిమిషాలు ఒక డిగ్రీ), 1920 పిక్సెళ్ల ఫ్రేములో 275 పిక్సెళ్లకు వస్తుంది. జూమ్ చేస్తే విరిగిపోతుంది. ఎం33, ఎం81–82 జంట, సింహరాశిలోని మూడు గెలాక్సీల గుంపు దీనికి కొలిచినట్టు సరిపోతాయి. నడినెత్తికి దగ్గరగా వెళ్లిన గెలాక్సీని అనుసరించడం ఈ తరహా స్టాండ్‌కు కష్టం, ఫ్రేములు చాలా వృథా అవుతాయి. ఆ సింహరాశి గుంపులోని ఎం66 హైదరాబాద్‌లో 86° దాకా వస్తుంది కాబట్టి, అది 40°, 60° మధ్య ఉన్నప్పుడే తీసేయండి.

బాల్కనీ దిక్కు చూసుకుని కొనండి. పై అంతస్తు శ్లాబు 50° పైన ఉన్నదంతా మూసేస్తుంది. ఉత్తరపు బాల్కనీకి 38° ఎత్తులోని ఎం81–82 అందుతుంది, 66° మీది ఆండ్రోమెడా అందదు, అది ఈశాన్యంలో పైకి వస్తున్నప్పుడో వాయవ్యంలో దిగుతున్నప్పుడో పట్టుకోవాలి. దక్షిణపు బాల్కనీకి ఎన్‌జీసీ 253 (ఎన్‌జీసీ అనే మరో జాబితాలోని గెలాక్సీ), సెంటారస్ ఎ చక్కగా చిక్కుతాయి.

కంటికి నేరుగా తాకిన కాంతి కాదన్న అసంతృప్తి కొందరికి ఉంటుంది, న్యాయమే. పిల్లలకు, పెద్దవాళ్లకు, కళ్లజోడుతో ఇబ్బంది పడేవాళ్లకు మాత్రం తెరమీది బొమ్మే ఎక్కువ.

### మీ దగ్గర కెమెరా ఉంటే

కొత్తగా ఏమీ కొనకముందు దీన్ని ప్రయత్నించండి. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్, ట్రైపాడ్, టైమర్ చాలు. చిన్న సెన్సర్ కెమెరాలో ఒక్కో ఫొటో 6 సెకన్లు మించకూడదు, మించితే చుక్కలు సాగుతాయి. ఐఎస్‌ఓ 1600 లేదా 3200, లెన్స్‌ను ఎఫ్/2.8కు మూసి, వంద నుంచి రెండు వందల ఫొటోలు తీసి, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేర్చండి. ఆండ్రోమెడా అండాకారం బయటికి వస్తుంది. ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే ట్రాకర్ కొనాలనుకుంటే ఒక చిక్కు ఉంది. దాన్ని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి, అది మన దగ్గర 14° నుంచి 19° ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన చెట్లు గానీ మేడలు గానీ లేని చోటు దొరికితేనే ట్రాకర్ పెట్టుబడి.

## తొలి గురి ఏది

| గెలాక్సీ | ఎప్పుడు, ఎటు | హైదరాబాద్‌లో ఎత్తు | మాగ్నిట్యూడ్ | పరుచుకున్న వెలుగు |
|---|---|---|---|---|
| ఎం31 ఆండ్రోమెడా | నవంబరు, డిసెంబరు. ఉత్తరం | 66° | 3.4 | నడిభాగం బలంగా, అంచులు పలచగా |
| ఎన్‌జీసీ 253 | నవంబరు, డిసెంబరు. దక్షిణం | 47° | 7 పైన | బాగుంటుంది |
| ఎం33 | డిసెంబరు. నెత్తిమీద | 77° | 5.7 | చాలా పలచన |
| ఎం81, ఎం82 | మార్చి, ఏప్రిల్. ఉత్తరం | 38° | 6.9, 8.4 | బాగుంటుంది, ఎం82 ఇంకా మెరుగు |
| ఎం51 | ఏప్రిల్, మే. ఉత్తరం | 60° | 8.4 | ఓ మాదిరి |
| ఎం104 సాంబ్రెరో | ఏప్రిల్, మే. దక్షిణం | 61° | 8.0 | చాలా బాగుంటుంది |
| సెంటారస్ ఎ | మే. దక్షిణం | 30° | 6.8 | ఓ మాదిరి |

చలికాలంలో మొదలుపెడితే ఆండ్రోమెడానే. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు కలిసి ఆకాశంలో పెద్ద చతురస్రం గీస్తాయి. దాని ఈశాన్య మూల నుంచి ఈశాన్యంగా రెండు చుక్కలు లెక్కపెడితే రెండోది మిరాక్. అక్కడ వాయవ్యానికి మళ్లి, మసకగా ఉన్న రెండు చుక్కలు దాటండి. రెండో చుక్క పక్కనే మచ్చ. నవంబరు మధ్యలో రాత్రి 9 దాటాక, డిసెంబరు మొదట్లో 8 దాటాక అది అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, వట్టి కంటికి ఇంతకన్నా దూరంగా తేలికగా కనిపించేది లేదు. ఎం33 ఇదే మిరాక్‌కు అవతలి వైపు, దాదాపు అంతే దూరంలో ఉంటుంది. ఎం31 కనిపించి ఎం33 కనిపించకపోతే అది మీ ఆకాశం గురించిన సమాచారం, మీ చూపు గురించి కాదు. టెలిస్కోప్‌లో కంటే బైనాక్యులర్‌లోనే ఎం33 ముందు దొరుకుతుందన్నది కూడా గుర్తుంచుకోండి, దాని చుట్టూ నల్లటి ఆకాశం కూడా కనిపిస్తేనే కన్ను తేడా పట్టగలదు.

ఎండాకాలంలో సాంబ్రెరో, ఎం81 జంట మధ్య ఎంపిక వస్తుంది. ఉత్తరం తెరిపిగా ఉంటే ఎం81. సప్తర్షుల్లో పులస్త్యుడి (ఫెక్డా) నుంచి క్రతువుకు (డూబే) గీత గీసి, అంతే దూరం ముందుకు సాగదీయండి. బైనాక్యులర్‌లో రెండు మచ్చలు పక్కపక్కన కనిపిస్తాయి, గుండ్రంగా ఉన్నది ఎం81, సన్నటి పుల్లలా ఉన్నది ఎం82. దక్షిణం తెరిపిగా ఉంటే హస్త నక్షత్రపు నాలుగు చుక్కల్లో ఈశాన్య మూలది పట్టుకుని, ఉత్తరంగా కాస్త తూర్పుకు ఐదున్నర డిగ్రీలు వెళ్లండి, సాంబ్రెరో. చిత్త నుంచైతే పడమరకు 11°. ఎం51కు దారి అన్నిటికన్నా చిన్నది. సప్తర్షుల తోక చివరి మరీచి నుంచి నైరుతికి మూడున్నర డిగ్రీలు. కానీ ఫొటోల్లో చూసిన చుట్టలు ఊహించుకుని వెళ్తే నిరాశే, 8 అంగుళాలలో ముందు కనిపించేవి రెండు మసక మచ్చలు. 1845లో లార్డ్ రాస్ ఆ చుట్టలను మొదట గుర్తించింది 72 అంగుళాల అద్దంతో.

సెంటారస్ ఎకు దక్షిణాన దీపాలు లేని చోటు కావాలి. మే మధ్యలో రాత్రి 10 గంటలకు దక్షిణాన ఒమేగా సెంటారీ తారాగుచ్ఛం వట్టి కంటికే బొద్దు చుక్కలా కనిపిస్తుంది. అక్కడి నుంచి నేరుగా ఉత్తరానికి నాలుగున్నర డిగ్రీలు. 8 అంగుళాలలో గుండ్రటి మచ్చను రెండుగా కోస్తున్న నల్ల పట్టీ కనిపిస్తే ఆ రాత్రి ఆకాశం బాగున్నట్టు.

కన్యారాశి గుంపును రెండో ఏడాదికి ఉంచండి. ఉత్తర ఫల్గుణి నక్షత్రానికీ, విండెమియాట్రిక్స్ అనే కన్యారాశి చుక్కకూ సరిగ్గా సగం దారిలో ఎం84, ఎం86 ఉంటాయి. దొరకడం కష్టం కాదు. ఒకే దృశ్యంలో ఆరేడు మచ్చలు కనిపించినప్పుడు ఏది ఏదో తేల్చడం కష్టం. పటం ముద్రించుకుని వెళ్లండి. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులవుతుంది, పటాన్ని తిప్పి పట్టుకుంటే సరిపోతుంది. మూల అద్దం ఉన్న లెన్స్ టెలిస్కోప్‌లో కుడి ఎడమలు తారుమారవుతాయి, పటాన్ని ఎంత తిప్పినా కుదరదు, స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌లో అద్దపు ప్రతిబింబంలా తిప్పి చూసుకోవాలి.

## కనిపించిన మచ్చ గెలాక్సీయేనా

| అనుమానం | ఎలా తేల్చాలి |
|---|---|
| గోళాకార తారాగుచ్ఛం | మాగ్నిఫికేషన్ పెంచితే అంచులు ఇసుక రేణువుల్లా విడిపోతాయి. గెలాక్సీ ఎంత పెంచినా పొగలాగే ఉంటుంది |
| తోకచుక్క | ఒకటి రెండు గంటల్లో లేదా మర్నాటికి చోటు మారుతుంది |
| దగ్గరదగ్గరి చుక్కల జంట | పక్క చూపు మాని నేరుగా చూసినా మాయం కాదు, పెంచితే విడిపోతుంది |
| లెన్స్‌లో ప్రతిబింబం | గొట్టం కదిపితే చుక్కలతో కలిసి కదలదు |

గుచ్ఛానికీ గెలాక్సీకీ తేడా ఒకేచోట నేర్చుకోవాలంటే ఎన్‌జీసీ 253కు మించినది లేదు. దానికి ఆగ్నేయంగా రెండు డిగ్రీల లోపు ఎన్‌జీసీ 288 గుచ్ఛం ఉంది, బైనాక్యులర్‌లో రెండూ కలిసి కనిపిస్తాయి. పొడవాటిది గెలాక్సీ, గుండ్రటిది గుచ్ఛం. ఆండ్రోమెడా దగ్గర అందరూ తప్పిపోయేది ఎం32 దగ్గర. కేంద్రానికి దక్షిణాన 24 కోణీయ నిమిషాల దూరంలో కాస్త ఉబ్బిన చుక్కలా ఉంటుంది, దాన్ని మామూలు నక్షత్రమనుకుని దాటేస్తారు. పక్క చుక్కలతో పోల్చండి, దానికి మాత్రం పదునైన కొస ఉండదు. రెండో తోడు ఎం110 వాయవ్యాన ఉంటుంది, పెద్దది, బాగా పలచన.

మసక గెలాక్సీని నేరుగా చూడకూడదు. మచ్చ ఉన్న చోటికి కాస్త పక్కకు చూపు నిలిపి, ధ్యాస మాత్రం మచ్చమీద ఉంచాలి. కంటి అంచుల్లోని కణాలే చీకట్లో చురుకు, రంగు వాటికి తెలియదు కాబట్టి గెలాక్సీ బూడిదరంగులోనే ఉంటుంది. ఆ కణాలు మేల్కోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెరచూస్తే మళ్లీ మొదటికొస్తుంది. కారు తలుపు తీయగానే వెలిగే లోపలి దీపాన్ని బయల్దేరకముందే ఆపేయండి. తలమీద నల్ల గుడ్డ కప్పుకుని ఐపీస్‌లో చూడటం వింతగా అనిపించినా, ఊరి శివార్లలో ఆ ఒక్క పనితోనే కొత్త గెలాక్సీ తేలుతుంది. గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి, కదిలే మచ్చను కన్ను త్వరగా పట్టేస్తుంది.

## మీరెవరైతే ఏది

నెలకోసారి ఊరికి వెళ్లే నగరవాసి: 10×50, మడత మంచం. పొలం దగ్గరి చీకటిని డబ్బుపెట్టి కొనలేరు, దాన్ని వాడుకోండి. ఏడాది తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే 8 అంగుళాలది కొని ఊళ్లోనే ఉంచేయండి.

నగరం వదలలేని అపార్ట్‌మెంట్ కుటుంబం: స్మార్ట్ టెలిస్కోప్, బాల్కనీ దిక్కు సరిచూసుకున్నాక. డాబా తాళం చేతిలో ఉంటే ఇంకా మంచిది. డాబ్సోనియన్ కొంటే చంద్రుడికీ గ్రహాలకీ మాత్రమే అని తెలిసి కొనండి.

కారు, కొంత ఓపిక, ఇద్దరు ముగ్గురు తోడు ఉన్నవాళ్లు: 8 అంగుళాల డాబ్సోనియన్, దానికి అదనంగా 10×50. రెండోది ఎందుకంటే చుక్కలు లెక్కపెట్టి దారి నేర్చుకునేది దానితోనే. దారి వెతకడం చిరాకు అనిపించేవాళ్లు ఫోన్ కెమెరాతో ఆకాశాన్ని గుర్తుపట్టి ఎటు తోయాలో చెప్పే రకం చూడొచ్చు. మోటార్లున్న రకానికి పెట్టే అదనపు డబ్బుతో ఒక అంగుళం పెద్ద అద్దం వస్తుందేమో ముందు బేరం చేయండి.

పాఠశాల: ముప్పై మంది పిల్లలు వరసలో నిలబడి ఐపీస్‌లో పక్కచూపుతో ఎం51 చూడటం జరగని పని. తెరమీద చూపే స్మార్ట్ టెలిస్కోప్ ఒకటి, పాలపుంతను చూపించడానికి మే నెలలో ఒక చీకటి రాత్రి. అర్ధరాత్రి దాటాక మూల నక్షత్రం దక్షిణాన పైకొచ్చే వేళకు మన గెలాక్సీ కేంద్రం వైపే చూస్తున్నట్టు. దానికి పరికరం అక్కర్లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు: న్యూజెర్సీ నుంచి సెంటారస్ ఎ 7° దాటదు, ఎం81 మాత్రం ఏడాది పొడవునా అస్తమించదు, ఎం51 వసంతంలో నెత్తిమీదికే వస్తుంది. డాలస్ నుంచి సెంటారస్ ఎ 14° దాకా వచ్చినా దుమ్ములో మునుగుతుంది. సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్లకు ఎం81 ఉదయించదు, ఆండ్రోమెడా 15° లోపే. వాళ్లు ఏమీ కొనకుండా నగరం దాటి ఓ గంట ప్రయాణించి రెండు మెజిలానిక్ మేఘాలను వట్టి కంటితో చూసి, ఆ తర్వాత 10×50తో వాటి లోపలికి వెళ్లొచ్చు. టెలిస్కోప్ కొంటే వాళ్ల తొలి గురి సెంటారస్ ఎ, రెండోది ఎన్‌జీసీ 253. రెండూ అక్కడ నడినెత్తి దగ్గరికి వస్తాయి.